సిర్కా కుండ

కడుపు ఉబ్బరానికి అన్నం ముందు చెంచాడు సిర్కా నీళ్లలో కలుపుకొని తాగమన్నారెవరో. నిన్న సీసా మూత తీయగానే ఆ ఘాటుకు, బోధన్ దగ్గర మా ఇంట్లోని అరవై ఏళ్ల కిందటి చీకటి గది గుర్తొచ్చింది.

ఆ గదిలో పసుపు బస్తాల పక్కన, మూతికి గుడ్డ కట్టిన కుండలో చెరుకు రసం పులిసి సిర్కా అయ్యేది. తిన్నది అరక్కపోతే ఇంటిల్లిపాదికీ అదే మందు. అందరికన్నా ఎక్కువ తాగేది మేం అవ్వ అని పిలిచే అమ్మే.

ఒకరోజు దాగుడుమూతలాడుతూ బస్తాల వెనక నక్కాను. అవ్వ వచ్చి లోపల గడియ పెట్టుకుంది. కుండ ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పసుపు దుమ్ముకు తుమ్మొస్తుంటే ముక్కు గట్టిగా మూసుకున్నాను.

బయటినుంచి నాయనమ్మ అరిచింది.

"తలుపెందుకు పెట్టుకున్నవే?"

"కడుపుల బరువుంది అత్తా. సిర్కా తాగి వస్తున్న."

అప్పుడే తుమ్మాను. అవ్వ ఉలిక్కిపడి నన్ను చూసి కళ్లు తుడుచుకుంది.

"పులుపుకు నీళ్లొచ్చినయ్ బిడ్డా, గంతే."

నమ్మాను. అవ్వ ఇంకెప్పుడూ ఏడవకూడదని, మర్నాడు ఎవరూ చూడకుండా కుండలోదంతా చెంబుతో తోడి పెరట్లో పారబోశాను.

ఆ సాయంత్రం అవ్వ గది వైపు నడుస్తుంటే నాయనమ్మ ఆపింది.

"సిర్కా లేదు గదా, లోపలేం పని?"

అవ్వ వెనక్కి తిరిగొచ్చి, అందరి మధ్య, పొయ్యి ముందు కూర్చుంది. మళ్లీ చెరుకు నరికేదాకా ఆ గదికి లోపలి గడియ పడలేదు.

నిన్న చెంచాడు మింగాను. పళ్లు పులిశాయి. కళ్లలో మాత్రం చుక్క నీరు రాలేదు.