మడవను చెప్పు చేసిన మొనగాణ్ణి

మొన్న ఆదివారం చెంగమ్మక్క తెచ్చిన చేపను చూసి కాలిచెప్పు అని తేల్చేసినాను! అదీ నూటికి నూరు శాతం నమ్మకంతో!

సంగతేందంటే, నేను సూళ్లూరుపేటలో ఒక గదిలో ఒక్కణ్ణే ఉంటాను. చెన్నై కంపెనీకి ఇంటినుంచే పని. ఏది ఏ చేపో గుర్తుపట్టే ప్రోగ్రామ్ రాస్తాను. పొద్దస్తమానం నాకు లాప్‌టాపే తోడు. అందుకే వాకాడు దగ్గర రేవులో డెమో ఇచ్చి రమ్మని మేనేజర్ అనగానే ఎగిరి గంతేసినాను. మనుషుల్ని చూడొచ్చు! చొక్కా కూడా ఇస్త్రీ చేయించినాను.

నా ప్రోగ్రామ్‌కి ఇద్దరు సాక్షులు. ఆకారం చూసి పేరు చెప్పే కెమెరా, బరువు చూసి పేరు చెప్పే తూకం మిషన్. ఆ ఇద్దరి మాటా కలపడానికి బిలీఫ్ ఫంక్షన్లు అనే లెక్కలు వాడతాను. తెలిసినంత వరకే నమ్మి, మిగతాది 'తెలియదు' అనే గడిలో వదిలేయొచ్చు. అదే వాటి గొప్ప. కానీ నలుగురి ముందు స్క్రీన్ మీద 'తెలియదు' అని పడితే నామోషీ కదా! ముందురోజే ఆ గడిని సున్నా చేసేసినాను.

చేపలమ్మే చెంగమ్మక్క బుట్టలోంచి ఒక మడవ చేపను తీసి తూకం పళ్లెంలో పెట్టింది. "ఇది మడవే. కాకుంటే, రవ్వంత అనుమానం, చెప్పు" అంది కెమెరా. వలల్లో పాత చెప్పులు కూడా పడతాయని ఆ పేరు నేనే చేర్చినాను లెండి. పళ్లెంలో నీళ్లు నిలిచి బరువు పెరిగేసరికి తూకం, "ఇది పండుగప్పే. కాకుంటే, రవ్వంత అనుమానం, చెప్పు" అంది. 'తెలియదు' గడి సున్నా కాబట్టి ఒకరు పండుగప్ప కానే కాదంటారు, ఇంకొకరు మడవ కానే కాదంటారు. ఇద్దరూ కొట్టిపారేయని పేరు ఒక్కటే మిగిలింది.

స్క్రీన్ మీద ఇంతింత అక్షరాలు: చెప్పు, 100%.

రేవంతా ఒకటే నవ్వు!

"ఏందబ్బయ్యా, దీన్ని వండుకోవాల్నా, కాలికి తొడుక్కోవాల్నా?" అంది అక్క.

"రెండో కాలిది యాడుందో అడుగక్కా!" అన్నాడు పక్కన వల బాగుచేసుకుంటున్నాయన.

నా మొహం చూసి అక్కకే జాలేసినట్టుంది. "తెలీకుంటే తెలీదనాల. దానికి సిగ్గెందుకు?" అని ఆ మడవను సంచిలో వేసి నా చేతికిచ్చింది. "పులుసు పెట్టుకో. రాకపోతే ఫోన్ చెయ్" అని నంబర్ కూడా ఇచ్చింది.

గదికొచ్చి వెంటనే ఫోన్ చేసినాను. చేపల మీద రెండేళ్లుగా పనిచేస్తున్నా పొలుసు తీయడం రాదు మరి! అక్క ఓపిగ్గా అన్నీ చెప్పింది. పులుసు పొయ్యెక్కింది. "ఉంటా మరి" అంది. ఫోన్ పెట్టేస్తే గదిలో మళ్లీ ఫ్యాన్ చప్పుడే.

"అక్కా, ఉప్పెంత వేయాల?" అని అడిగేసినాను. అప్పటికే వేసి ఉన్నాను.

"రెండు స్పూన్లు. వెయ్యి, నేను లైన్లోనే ఉంటా. వేసినావా?"

అంత ప్రేమగా అడిగితే ఏం చేసేది? మళ్లీ వేసినాను! ఆ ఊపులో కారం సంగతి కూడా అడిగినాను. అదీ రెండోసారే.

కాసేపటికి అక్కే ఫోన్ చేసింది. "ఎట్టుందబ్బయ్యా పులుసు?"

"అమృతం అక్కా!" అన్నాను, మూడో చెంబు నీళ్లు ఎత్తి తాగుతూ.