నాయన ఇద్దర్నీ పాస్ చేసేశాడు

నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది! క్లర్కు ఉద్యోగం. ఫలితాల్లో నా నంబరు ఉంది. నమ్మలేక పేజీ మూసేసి మళ్లీ తెరిచాను, అప్పుడూ ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. పలమనేరు పక్కన పల్లె నుంచి తిరుపతికి కోచింగుకి వస్తానంటే, ఇంకా ఏం చదువుతావని ఊరంతా అడిగింది. వాళ్లందరికీ ఇప్పటికే నాయన చెప్పేసి ఉంటాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నన్ను ముందు పరీక్షల్లో ముంచింది ఇంగ్లిషు. అందులోనూ ప్యాసేజీ ఇచ్చి, నేరుగా రాయని సంగతేదో పట్టుకోమనే ప్రశ్నలు. దీన్నిబట్టి ఏం తేలుతుంది అని అడుగుతారు. నాకెప్పుడూ కాస్త ఎక్కువే తేలేది. ఒకసారి ఒక రైతు పాడి ఆవును అమ్మేసి పట్నానికి బయల్దేరాడని ఉంటే, వానల్లేక కష్టాల్లో పడ్డాడు అన్నదానికి టిక్కు పెట్టాను. మా వైపు చూలావును అమ్మినా, పాడావును అమ్మినా కారణం అదే మరి.

అలిపిరి దారిలో మా హాస్టల్. నా పక్క మంచం సూళ్లూరుపేట అమ్మాయిది. నా రోగం కనిపెట్టింది తనే. నేను జవాబు చెప్పగానే పుస్తకం నా ముందుకు తోసి, "యాడుండాది? వేలు పెట్టు" అనేది. వేలు పెట్టడానికి లైను దొరక్కపోతే ఆ జవాబు కొట్టేయాలి. అదీ తన పద్ధతి. నేను వాదనకు దిగేదాన్ని.

"ఇది మీ ఊరు కాదు మే, ప్యాసేజీ. ఆ రైతు మీ మేనమామ కాదు" అనేది. గదిలో మిగతావాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

అలా నవ్వించి నవ్వించి నాకు ఇంగ్లిషు వచ్చేలా చేసింది. లెక్కలు మాత్రం తనకి గండం. నేను చెప్పినంత చెప్పాను. తనకు ఇదే ఆఖరి పరీక్ష. ఈసారి రాకపోతే పుస్తకాలు కట్టిపెట్టి, వాళ్ల ఊరి దగ్గరున్న ఫ్యాక్టరీల్లో ఏదో ఒకదానిలో చేరాలని వాళ్లమ్మ ముందే ఒప్పించుకుంది. పరీక్ష రాసి తను ఊరెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, ఫలితం చూసే ధైర్యం తనకి లేదని, నన్నే చూసి ముందు తనకే చెప్పమని మాట తీసుకుంది.

పొద్దున తన నంబరు కూడా చూశాను. లేదు. పైనుంచి కిందికి ఒక్కొక్కటే చదివాను. లేదు.

ముందు తనకి ఫోన్ చెయ్యాలి. ఇంటికి చేశాను. సంతోషం ఆగలేదని ఇప్పుడు అనుకుంటున్నాను గానీ, తన గొంతు వినడానికి భయమేసింది. నాయన పాలకేంద్రానికి బయల్దేరుతున్నాడు. వార్త వినగానే అమ్మని కేకేసి పిలిచాడు. తర్వాత, "మీ స్నేహితురాలికీ వచ్చుంటాదిలే పాపా. ఇద్దురూ ఒక పుస్తకం ముందర కూసోని సదివినారు గదా" అన్నాడు. పక్కనుంచి అమ్మ ఫోన్ లాక్కుంటోంది. నేను "ఊఁ" అన్నాను. అంతే. ఆ ఒక్క "ఊఁ" చాలింది ఆయనకి.

అమ్మతో, అవ్వతో మాట్లాడి పెట్టేసిన గంటకి ఫోన్ మోగింది. సూళ్లూరుపేట నుంచి తన తల్లి. మన పిల్లోళ్లు ఇద్దురూ గెలిచినారని నాయన చెప్పాడట. నేను హాస్టల్లో ఫోన్ ఎత్తకపోతే చేయడానికని ఎప్పుడో రాసుకున్న నా స్నేహితురాలి నంబరుకి నాయన చేస్తే, వాళ్లమ్మ ఎత్తిందట. ఆమె అప్పుడే పక్కింటికి చక్కెర పంచి వచ్చిందట. మిద్దె మీద బట్టలారేస్తున్న కూతుర్ని పిలిచి, నేను నోరు తెరిచేలోపే ఫోన్ చేతికిచ్చింది.

"నిజమేనా మే?" అంది తను.

"నాది వచ్చింది" అన్నాను. "నీది లేదు."

వెనక వాళ్లమ్మ ఎవరికో గట్టిగా చెప్తూనే ఉంది.

"మరి అమ్మకు ఎవురు చెప్పినారు?"

"మా నాయన. ఇద్దరం ఒకటిగా చదివినామని, ఒకటిగానే వచ్చుంటాదని అనుకున్నాడు."

చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "మీ ఇంట్లో అందురూ ఇంతేనా? ఎవురూ వేలు పెట్టి సూడరా?"

కాదని చెప్పాల్సింది నేనే, ఊఁ కొట్టానని చెప్పాను.

"ముందు నాకు చేస్తానన్నావు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మకు నేనే చెప్తా. మీ నాయన ఇంకా ఎవురెవురికి చెప్పినాడో కనుక్కో. వాళ్లకి నువ్వు చెప్పు. మా అమ్మకు యాన్నించీ మళ్లా శుభాకాంక్షలు రాకూడదు" అని పెట్టేసింది.

నాయనకి చెప్తే, "తప్పు చేస్తి గదమ్మా" అన్నాడు. తప్పు ఆయనది కాదని చెప్పినా వినలేదు. ఒక్కొక్కరినే గుర్తుచేసుకుని చెప్పాడు. పాలకేంద్రంలో వాళ్లకి ఆయనే చెప్పుకుంటానన్నాడు. నేను ఇంకా చెయ్యాల్సినవాళ్లు:

హాస్టల్ వార్డెనమ్మ. గది తలుపుకి మా ఇద్దరి పేర్లతో కాగితం అంటిస్తానందట.

కోచింగ్ సెంటర్ ఇంగ్లిషు సారు. పోస్టర్లో మా ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన వేయించేలోపే.

చిత్తూరు మేనత్త. ఈమెకి ఒక్కసారి చెప్తే చాలదు.

సూళ్లూరుపేటలో తన తల్లి. తను చెప్పాక.