విడుపు రోజు వెలిగిన పొయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. అగ్నిమాపక కేంద్రంలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాను. కాలిపోయిన ఇళ్ళలోకి వెళ్ళాను, శవాల కోసం బావుల్లోకి దిగాను. ఎక్కడా ఏదీ నన్ను పలకరించలేదు. మా వాళ్ళలో ఎవరైనా తాయెత్తు కట్టుకుని డ్యూటీకి వస్తే, తీసేదాకా ఏడిపించేవాణ్ణి. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకైతే నవ్వు రావడం లేదు.

హిందూపురం నుంచి పెనుకొండ వెళ్ళేటప్పుడు రోడ్డుకు లోపలగా ఒక చిన్న ఊరుంది. పేరు చెప్పను. మా చెల్లెలు సరోజను ఆ ఊరికే ఇచ్చాం. ఊరు మెరక మీద ఉంటుంది. దాని కింద నుంచి వాగులాంటి ఒక వంక పోతుంది. వంకకు ఎగువన చింతపండు నిలవచేసే కోల్డ్ స్టోరేజీ, దిగువన పల్లంలో చింతతోపు. స్టోరేజీలో చల్లదనం కోసం అమ్మోనియా వాడతారు.

ఆ ఊళ్ళో ఏడాదికోసారి ఒక మంగళవారం విడుపు చేస్తారు. ఆ మంగళవారం తెల్లవారకముందే ఇళ్ళకు తాళాలు వేసి, ముసలివాళ్ళతో, పసిబిడ్డలతో, గొడ్డూ గోదాతో సహా అందరూ తోపులోకి వెళ్ళిపోతారు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా ముళ్ళకంప వేస్తారు. ఆ రోజంతా మారెమ్మ ఇల్లిల్లూ తిరుగుతుందట. పొద్దుగూకి పూజారి కంప తీసేదాకా ఎవరూ ఊళ్ళో అడుగుపెట్టకూడదు, ఊళ్ళో అగ్గి పుట్టకూడదు. వంటలు తోపులోనే. చదువుకున్నవాళ్ళు కూడా బెంగుళూరు నుంచి సెలవు పెట్టుకుని వచ్చి మరీ తోపులో కూర్చుంటారు. చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

రెండేళ్ళ కిందట ఆ విడుపు రోజే, ఎండ బాగా ఎక్కాక, స్టోరేజీలో పైపు పగిలింది. మేం వెళ్ళేసరికి పనివాళ్ళు బయటపడ్డారు గానీ, గ్యాస్ మాత్రం ఆగలేదు. అమ్మోనియా తేలిక, పైకి పోతుందని పుస్తకాల్లో ఉంటుంది. అంత చల్లగా, అంత ఒత్తిడితో ఒక్కసారిగా బయటికొస్తే అది పైకి పోదు. తెల్లటి మంచులాగా నేలబారున పారుతుంది. ఆ మంచు వంకలోకి దిగింది. వంక ఎటు పోతుందో నాకు తెలుసు.

మావాడు నాగరాజును బండి దగ్గర ఉంచి, మంచు మీదికి నీళ్ళు చిమ్మమని చెప్పి తోపులోకి పరిగెత్తాను. కళ్ళు మండుతున్నాయని పిల్లలు అప్పటికే ఏడుస్తున్నారు. వంకకు అవతల నిలువు గట్టు, నిండా తుమ్మకంప. దిగువకు పోతే మంచు వెంటపడి వస్తుంది. మిగిలింది ఒక్కటే దారి, మెరకెక్కి ఊళ్ళో నుంచి రోడ్డు మీదికి పోవడం. గుడ్డలు తడిపి ముక్కులకు పెట్టుకుని వెంటనే నడవండని అరిచాను.

ఒక్కరూ కదల్లేదు.

"ఈపొద్దు ఆడికి పోగూడదప్పా. నీకు తెల్దా?" అన్నాడు ఊరి పెద్దాయన, నేనేదో పసిబిడ్డనైనట్టు.

ఇక్కడుంటే చస్తారని చెప్పాను. ఆడికి పోయినా చస్తామన్నాడు. సరోజ అత్త గంగమ్మ ఒళ్ళో మూడు నెలల బిడ్డ ఉంది, మా మేనకోడలు. అది దగ్గీ దగ్గీ నీలుక్కుపోతోంది. నేను చేతులు చాపితే గంగమ్మ బిడ్డను కొంగులో దాచుకుంది.

"ముట్టుకున్నావంటే చూడు! మా ఇంటి బిడ్డను మారెమ్మకు ఎదురు తీసకపోతావా నువ్వు?"

బలవంతంగా లాక్కోబోయాను. మగవాళ్ళు నలుగురు నన్ను పట్టుకుని వెనక్కి నెట్టారు. నేను కింద పడ్డాను. సరోజ ఏడుస్తూ నా వైపు ఒకసారి, అత్త వైపు ఒకసారి చూసింది గానీ కదల్లేదు. ఆ క్షణంలో ఆ ఊరంటే నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. మీ ఖర్మ అని వదిలేసి పోదును, ఆ బిడ్డ అక్కడ లేకపోతే.

"నేనే పోయి మీ ఊరి నడి వీధిలో నిలబడతా. మారెమ్మ నన్నేం చేస్తుందో చూసి, అప్పుడన్నా రండి" అని, మాస్కు తగిలించుకుని మెరకెక్కాను.

ముళ్ళకంప పక్కకు లాగి లోపలికి వెళ్ళాను. పట్టపగలు. ప్రతి తలుపుకీ తాళం ఉంది. కుక్కలు కూడా లేవు. వీపున గాలి సిలిండర్. మాస్కులో నా ఊపిరి తప్ప వేరే చప్పుడు లేదు. వీధిలో కొంత దూరం పోయానో లేదో, ఒక ఇంటి కప్పు మీది నుంచి పొగ లేస్తోంది. చిక్కటి పొగ. అది సరోజ వాళ్ళ ఇల్లు.

ఎవరో ముసలివాళ్ళను లోపల మరిచిపోయారనుకున్నాను. పరిగెత్తాను. బయట తాళం వేసే ఉంది. గొడ్డలితో కొట్టి తీశాను. వెనక తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. మంచాల కింద, గాదె వెనక, అటక మీద అన్నీ వెతికాను. ఎవరూ లేరు.

పొయ్యి మాత్రం మండుతోంది. కట్టెలు అప్పుడే పెట్టినవి. వాటిమీద ఎవరో నీళ్ళు చల్లారు, అందుకే అంత పొగ. పక్కన ఊదుగొట్టం పడి ఉంది. చేతితొడుగు తీసి పట్టుకుని చూశాను. ఊదే కొన తడిగా, వెచ్చగా ఉంది.

నాకు భయం వేసింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఆ గదిలో నేనంటే గిట్టనిదేదో ఉందని నాకు తెలిసిపోయింది. ఎలా అంటే చెప్పలేను. పొయ్యి ముందు వంగిన నన్ను, గిన్నెలో మూతిపెట్టిన కుక్కను అదిలించినట్టు, చెవి పక్కనే ఎవరో "ఛీ!" అన్నారు. ఆడగొంతు. మాస్కు పట్టీలకు చెవులు మూసుకుపోయి ఉన్నా స్పష్టంగా వినిపించింది. వెనక్కి చూసుకోకుండా బయటికి వచ్చేశాను.

వచ్చేసరికి వీధి నిండా జనం.

తోపులో వాళ్ళకు పొగ కనిపించిందట. విడుపు రోజు ఊళ్ళో అగ్గి! అది నేనే ముట్టించానని అనుకోవడానికి వాళ్ళకు క్షణం కూడా పట్టలేదు. చస్తామన్నా కదలనివాళ్ళు, నన్ను చంపడానికి మెరకెక్కి వచ్చారు. కర్రలు పట్టుకుని మగవాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, పిల్లలు, చేతికర్ర ఊతంతో ముసలివాళ్ళు. అందరికంటే ముందు గంగమ్మ, చంకలో బిడ్డతో.

"మా ఇంట్లోనే అగ్గి పెడతావా? నీ చేతులు పడిపోనూ!"

కర్రలతో కొట్టారు. ఎడమ చెయ్యి విరిగింది. హెల్మెట్ లేకపోతే తల కూడా పగిలేది. అంతలో వెనక ఎవరో కేక పెడితే అందరూ కిందికి చూశారు. తోపు కనిపించడం లేదు. చింతచెట్ల కొమ్మల దాకా తెల్లగా కమ్మేసింది. ఆ తెలుపులో కట్టేసిన ఎద్దులు అరిచాయి, కాసేపటికి ఆగిపోయాయి. అప్పుడు నన్ను వదిలేసి రోడ్డు వైపు పరిగెత్తారు.

మనుషులు ఒక్కరూ పోలేదు. బిడ్డ కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి కోలుకుంది. పొగ పెట్టి జనాన్ని తోపులోంచి రప్పించావు, భలే ఉపాయం చేశావని పై అధికారులు నన్ను మెచ్చుకున్నారు. నేను చేయలేదని ఎంత చెప్పినా, గొప్పలు పోని మనిషినని ఇంకొంచెం మెచ్చుకున్నారు. ఊరివాళ్ళ లెక్క వేరు. నేను పొయ్యి ముట్టించబట్టే మారెమ్మ కోపగించి గొడ్లను తీసుకుపోయిందని వాళ్ళు నేటికీ అంటున్నారు.

గాలి సిలిండరుతో లోపలికి పోయేటప్పుడు మేం అగ్గిపెట్టె దగ్గర ఉంచుకోం. నాగరాజు ఇంకొకటి చెప్పాడు. "పొగ లేచింది నేను చూస్తి సార్. అప్పటికి నువ్వింకా కంప లాగుతాండావు." ఆ మాట ఎక్కడా అనవద్దని వాడి నోరు మూయించాను. ఎందుకో చెబుతాను.

చేతికి కట్టుతో ఇంట్లో ఉన్నప్పుడు సరోజ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"అన్నా, ఆ పొయ్యి నువ్వే ముట్టిచ్చినావు గదా?"

కాదని చెప్పబోయాను.

"కాదంటే ఇంగెవరో ముట్టిచ్చినట్టే గదన్నా. ఆ ఇంట్లో నేను పొద్దన్నే ఒక్కదాన్నే పొయ్యి ముందర కూర్చోవల్ల. బిడ్డను ఆ పక్కనే పండబెట్టుకోవల్ల. నువ్వే అని చెప్పు."

నా జన్మలో అంత గట్టిగా అబద్ధం చెప్పలేదు. "నేనే లే. అగ్గిపెట్టె జేబులో ఉండె" అన్నాను. అది అక్కడే కూలబడి ఏడ్చింది. లేచి కళ్ళు తుడుచుకుని, "మా అత్త నిన్ను మా గడప తొక్కనీదన్నా ఇంగ" అంది. గంగమ్మ అన్నంత పనీ చేసింది. బిడ్డ పుట్టువెంట్రుకలకు కూడా నాకు పిలుపు లేదు.

తిట్టుకుంటే తిట్టుకోనీ. ఆ పొయ్యి ఎవరు ముట్టించారో, వాళ్ళు ఊరిని కాపాడాలనుకున్నారో, లేక నన్ను చంపించాలనే చూశారో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. సరోజ రోజూ ఆ పొయ్యి మీదే వంట చేస్తోంది.