డంపరు కూత, బాపు పగటి నిద్ర

మా సందులో ఎవరు కారు వెనక్కి తీసినా అది కీ కీమని అరుస్తుంది. ఇరుగుపొరుగు విసుక్కుంటారు. నాకు మాత్రం గోదావరిఖనిలో మేమున్న కార్మికుల క్వార్టర్లు, బాపు పగటి నిద్ర గుర్తొస్తాయి.

బాపు, అంటే మా నాన్న, భూగర్భ బొగ్గు గనిలో పనిచేసేవాడు. రాత్రి షిఫ్టు వారంలో పొద్దున వచ్చి, స్నానం చేసి పడుకునేవాడు. అమ్మ వెంటనే ఆయన గని బూట్లు గడప బయట పెట్టేది. మా వరుసలో అందరిదీ అదే పద్ధతి. బూట్లు బయట కనిపిస్తే లోపల రాత్రి షిఫ్టు మనిషి పడుకున్నాడని అర్థం. కూరగాయలామె ఆ ఇంటి ముందు కేక వేయకుండా దాటిపోయేది. మా గోలీలాట పక్క సందుకు మారేది. మా అవ్వ కూడా గుసగుసగానే మాట్లాడేది; ఆ గుసగుస నాలుగిళ్లకు వినిపించేదనుకోండి, అది వేరే సంగతి.

తొంభైల్లో మా వెనక, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని మొదలైంది. కంచె అవతల మట్టి పోయడానికి డంపరు లారీ రోజంతా వెనక్కి వచ్చేది, వచ్చినప్పుడల్లా కూసేది. బూట్లు చూసి నోరు మూసుకునే రకం కాదది. నిద్ర లేక బాపు కళ్లు చింతనిప్పులయ్యాయి. గనిలో పైకప్పు కూలేముందు చిన్నగా చప్పుడవుతుంది. నిద్రలేని మనిషి దాన్ని వినకపోతే అంతే. అమ్మ భయమంతా అదే.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ ఓపిక నశించింది. గడప బయటి బూట్లు పట్టుకుని కంచె దాకా వెళ్లి, డ్రైవరుకు కనిపించేలా పైకెత్తింది. నేను వెనకే పరిగెత్తాను.

"తమ్మీ, మా ఇంటాయన పండుకున్నడు. దాన్ని జర బందు చెయ్యరాదు?"

డ్రైవరు కిందికి దిగాడు. "నా చేతుల ఏమున్నదక్కా? ఎనుక గేరేస్తే అదే కూస్తది. కూయకుంటే ఎనుక నిలబడ్డోడు టైర్ల కింద పడ్తడు."

అమ్మ బూట్లు దించేసింది. ఆ నిలబడ్డవాడూ ఎవరో ఒకరి ఇంటాయనే కదా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎప్పటిసంది నిద్ర లేదు?" అడిగాడు డ్రైవరు.

"సోమారం సంది."

అతను ఇంజను ఆపేసి, సీటు మీది టిఫిన్ డబ్బా తీశాడు. "నువ్వు పో అక్కా. ఇప్పుడే బువ్వ తింట. మెల్లగనే తింట."

మేం ఇంటికొచ్చేసరికి లోపలినుంచి బాపు గురక వినిపిస్తోంది. నాకు ఆకలి దంచేస్తోంది, అన్నం లోపలుంది. తలుపు మీద చెయ్యి వేయబోతే అమ్మ పట్టుకుని ఆపింది. "కిర్రుమంటదే. జర ఆగు." ఇద్దరం ఎండలో మెట్టు మీద కూర్చున్నాం. అమ్మ ముఖం అంత నెమ్మదిగా ఉండడం ఆ వారంలో అప్పుడే చూశాను.

బాపు పోయి ఏళ్లయింది. ఆ గురక ఇంకొక్కసారి వినిపిస్తుందంటే, ఎంత ఆకలితోనైనా ఎంత ఎండలోనైనా కూర్చుంటాను.