జడ సీను మధ్యలో ఖాళీ అయిన హాలు

బంగారు గని సైరన్ కూతను బట్టి మా ఊరు ఊరిగాం ఇళ్లలో పొయ్యి వెలిగే ఆ కాలంలో, బెంగళూరు నుంచి వచ్చిన ఒక సినిమా విమర్శకుడి కలాన్ని నేనొక్కణ్ణే దారికి తెచ్చాను. (ముసలివాడి మాట, కాస్త తగ్గించి పుచ్చుకోండి.) మా పెద్దమ్మ కూతురు, మేమంతా మొండక్క అనేవాళ్లం, ఏ కంపెనీ అండా లేకుండా సినిమా తీసింది. ఒకే వంటింట్లో మాటలు మానేసి బతికే తల్లీ కూతుళ్ల కథ. తల్లిగా పెద్దమ్మే వేసింది, కూతురిగా అక్కే. ఆ విమర్శకుడు బాగుందని రాస్తేనే బెంగళూరులో వేస్తామన్నారు సినిమా హాళ్లవాళ్లు. లేకపోతే రీళ్లన్నీ అటక మీదికే.

ఆ మధ్యాహ్నం మా క్లబ్బు హాల్లో ఆట. ‘ఆయప్ప మొగమే చూస్తా ఉండు. ఆవలిస్తే టీ ఇయ్యి’ అంది అక్క, కొంగు నలుపుకుంటూ. నేను సినిమా చూడలేదు, ఆయన మొహమే చూశాను. నవ్వడు, కళ్లు తుడుచుకోడు, ఆవలించనైనా ఆవలించడు. వెనక వరసలో పెద్దమ్మ పక్కన కూచున్న అక్క, ఎట్ల ఉండాదప్పా అని కళ్లతోనే అడుగుతోంది. తెర మీద తల్లి కోపం కోపంగానే కూతురికి జడ వేస్తోంది, మాటా పలుకూ లేదు. సరిగ్గా అప్పుడే కాళ్ల కింద నేల ఒక్కసారి అదిరింది. గనిలో లోతున రాయి పగిలితే పైన అలాగే ఉంటుంది. నాన్నలూ మొగుళ్లూ లోపల ఉన్నవాళ్లం, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. హాలంతా లేచి, గనిలోకి దిగే షాఫ్టు వైపు పరుగు తీసింది. బయటి మనిషికి అది లారీ పోయిన అదురు. సినిమా భరించలేక జనం పారిపోయారనే రాస్తాడు. నేను మాత్రం కదలకుండా ఆయన పక్కనే నిలబడ్డాను.

లేదు. అందరికన్నా ముందు తలుపు దాటింది నేనే. ఒక చెప్పు ఆయన కుర్చీ కిందే ఉండిపోయింది. మా నాన్నది పగటి షిఫ్టు మరి. లోపలివాళ్లంతా క్షేమంగా పైకి వచ్చాకే సినిమా గుర్తొచ్చింది. ఒంటి చెప్పుతో తిరిగొచ్చి ఆయనకు మా ఊరి సంగతి విప్పి చెప్పాను. తరువాతి వారం పత్రికలో, జడ సీను నిడివి ఎక్కువైందని ఒక చురక వేసి, తక్కినదంతా మెచ్చుకున్నాడు. జనం వెళ్లిపోయిన మాట ఎత్తనే లేదు. ఆ ఘనత నాదేనని ఇన్నేళ్లూ చెప్పుకుంటున్నాను.

ఇంతవరకూ రాసి, మొన్న అక్కకు చదివి వినిపించాను.

‘నువ్వు యాడ చెప్పినావప్పా? షాఫ్టు కాడ మీ నాయన చెయ్యి పట్టుకోని ఏడుస్తా ఉంటివి, పొద్దు గూకేదాకా ఇడ్సలేదు. ఆయప్పకు చెప్పింది మా అమ్మ. మా నాయన పోయినాక ఆమెకు కింద గనిలో ఎవురుండారు, పరిగెత్తేదానికి? ఆమొకతే కుర్చీలోంచి లెయ్యలేదు.’