సుద్దముక్కతో రాసిన ఊరు

మా చిన్నాయన పోయిన వారం ఉద్దనపల్లిలో చనిపోయారు. "నాయన పోయినాడక్కా" అని ఆయన కొడుకు, నా తమ్ముడు, ఫోన్ చేసినప్పుడు నేను కృష్ణగిరిలో, కాలేజీలో క్లాసు చెప్పడానికి బయల్దేరుతున్నాను. ఏడుస్తూనే వాడు ఇంకోటి అడిగాడు. "ఫ్లెక్సులో ఏమెయ్యాల? అంగడాయన అడగతా ఉండాడు."

"నేవీలో చేసినారు కదా, బాంబులేసే విమానం పెట్టించు. 'ఉద్దనపల్లి వీరుడు' అని పెద్దగా రాయించు" అన్నాను. మా కాలేజీ వాళ్లు చూడడానికి వస్తారన్న ఆలోచన కూడా అప్పుడు నాలో ఉంది. అది దాచి ఈ నాలుగు మాటలు రాయలేను.

వయసులో ఉన్నప్పుడు ఆయన విమానాలు ఎగిరే యుద్ధనౌక మీద, దాడికి వెళ్లే విమానాల రెక్కల కింద బాంబులు బిగించే జట్టులో పనిచేశారు. నాకు తెలివి వచ్చేసరికి టమోటా రైతు. నేను చదువుకోవడానికి హోసూరు బస్సెక్కుతుంటే సంచీ అందించి, "దిగేటప్పుడు చూసుకోమ్మా" అనేవారు. టమోటా పెట్టెను మోకాళ్లు వంచి, చప్పుడు లేకుండా నేల మీద పెట్టేవారు. రాయకోట మండీలో లోడు దించేవాళ్లు ఏడిపించేవాళ్లు.

"ఏమప్పా నేవీ, టమోటా పేలతాదా?"

"పేలదులేప్పా. నువ్వు ఇసిరేస్తే మాత్రం పగల్తాది. ఎత్తేది ఎవురైనా ఎత్తుతారు, దించేదే నేర్చుకోవల్ల."

అందరి పెట్టెల మీదా సుద్దతో పేరూ ఊరూ ఉండేవి. ఆయన పెట్టెలకు మాత్రం గుర్తుగా ఎర్రగుడ్డ పీలిక. ఒకసారి నేనే ఊరి పేరు రాయబోతే చెయ్యి పట్టుకున్నారు.

"వద్దమ్మా. ఓడలో అందురూ నవ్వుకుంటా బాంబుల మీద సుద్దతో ఏందో ఒగటి రాస్తా ఉండిరి. నేను మనూరి పేరు రాసినాను, తెలుగులో. విమానం తిరిగొచ్చేటప్పటికి రెక్క కింద ఖాళీ. యాడ పడిందో, ఎవురింటి మీద పడిందో. మనూరే పోయి వాళ్ల మీద పడినట్టాయ గదా."

 ఆ సిగ్గు నా ఒక్కదానికే చెప్పుకున్నారు.

ఊరి మలుపులో బస్సు దిగగానే ఫ్లెక్సు కనిపించింది. ఆయన నవ్వుముఖం వెనక విమానం, రాలుతున్న బాంబులు, వాటి మధ్య ఊరి పేరు. "మనూరి పేరు నిలబెట్టినాడప్పా!" అంటూ ఎవరో ఫోటో తీసుకుంటున్నారు. ఫోనులో విమానం పెట్టించమని చెప్పేటప్పుడు ఆయన సిగ్గు నేను మరిచిపోయానా? మరిచిపోయానని చెప్పుకుంటే సులువు. గుర్తుండే చెప్పానేమో.

"తీసెయ్‌రా" అన్నాను తమ్ముడితో.

"నువ్వే కదక్కా ఎయ్యమంటివి?"

ఆయన నాతో అన్నదంతా చెప్పాను. వాడు నిచ్చెన వేసి తాళ్లు విప్పి, ఫ్లెక్సును రెండు చేతులా పట్టుకుని, మోకాళ్లు వంచి నేల మీద పెట్టాడు. చప్పుడు కాలేదు.

ఇంటికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. మండీకి పోకుండా మిగిలిన ఆయన టమోటా పెట్టెలు వాకిట్లో ఉన్నాయి. వాడు వాటి మీద ఫ్లెక్సును బోర్లా కప్పాడు. తెల్లటి వెనకవైపు మీద వాన పడుతోంది. ఒక మూలన, దాని కిందినుంచి ఎర్రగుడ్డ పీలిక ఒకటి బయటికొచ్చి తడుస్తోంది.