మేనత్త కుండ ఉప్పెక్కిన రోజులు

ముప్పై ఏళ్లకు పైగా జిల్లా విలేకరిగా పనిచేశాను. దయ్యం వార్త ఒక్కటి కూడా నా చేతి మీదుగా అచ్చుకు పోలేదు. నార్కట్‌పల్లి దగ్గర ఒక ఇంటి మీద రాళ్లు పడుతున్నాయని ఊరంతా పూజలకు దిగితే, ఎదురింటి డాబా మీద రెండు రోజులు కూర్చుని, గోడ పంచాయితీ ఉన్న దాయాదే విసురుతున్నాడని తేల్చి రాశాను. ఆ తర్వాత చాలా కాలం నన్ను ఆ వార్తతోనే గుర్తుపట్టేవాళ్లు.

అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు ఆగాను. ఇప్పుడు రిటైరయ్యాను. వార్త రాసినట్టే, కళ్లతో చూసింది, చెవులతో విన్నది, నోటితో తాగింది మాత్రమే రాస్తాను.

మా చిన్న మేనత్త పేరు ఈదమ్మ. కల్వకుర్తి నుంచి లోపలికి పోతే వాళ్ల ఊరు. మామ బాలయ్య మట్టి పని చేసేవాడు. వానలు లేని ఏడు ఊళ్లో పనుండదు కాబట్టి మేస్త్రి వెంట ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోయేవాడు. తొంభై తొమ్మిదిలో దసరా పోగానే పదిహేను మందితో కలిసి ఒరిస్సాలో సముద్రం పక్కన కాలువ తవ్వే పనికి పోయాడు. ఆ నెలాఖరుకే అక్కడ పెద్ద తుపాను తీరం దాటింది. బంగాళాఖాతంలో నమోదైన తుపాన్లలో అంత బలమైనది మరొకటి లేదని ఇప్పటికీ రాస్తారు.

తిరిగి వచ్చినవాళ్లు నలుగురు. ఉప్పెన వచ్చినప్పుడు బాలయ్య తమతోనే గుడిసెలో ఉన్నాడని ఒకతను చెప్పాడు. లేడు, అంతకు ముందే కట్ట మీదికి పోయాడని ఇంకొకతను చెప్పాడు. శవం దొరకలేదు. కూలీల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. అంతా మేస్త్రి పేరు మీదే ఉన్నారు, ఆ మేస్త్రి కూడా రాలేదు.

మేనత్త పదకొండేళ్ల కూతురు అలివేలును వెంటబెట్టుకుని నల్లగొండలో మా ఆఫీసుకు వచ్చింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. టెలిప్రింటర్ మీద వచ్చే వార్తలన్నీ నాకు తెలుస్తాయని ఆమె నమ్మకం.

"ఉప్పెన అంటుండ్రు అల్లుడా. ఉప్పెన అంటే ఏంది?" అని అడిగింది.

మా మెట్ట ఊళ్లలో ఆ మాట లేదు. సముద్రం లేచి ఊళ్ల మీదికి రావడమని చెప్పాను.

"అయితే ఆ ఉప్పు నీళ్లు నోట్లకు పోతయి గద."

పక్కన ఫోన్ మోగుతోంది, పేజీ పంపే వేళైంది. "ఏం గాదు అత్తా, వస్తడు మామ, వస్తడు" అన్నాను. వట్టి ధైర్యపు మాట అది. రోజుకు పది మందికి అలాంటివి చెప్పే ఉద్యోగం మాది.

ఆమె ఆ మాట పట్టుకుని ఊరికి పోయింది. దినాలు చేయలేదు, మెడలో పుస్తె తీయలేదు. అలివేలు పెద్దదై, పెళ్లయి, భర్తతో అదే ఊళ్లో స్థిరపడింది. ఏటా పెత్రమాస వచ్చిందంటే తల్లీకూతుళ్లకు గొడవే. చనిపోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు అది. నాయిన పేరు కూడా చెబుదామని కూతురు అంటుంది. "బతికున్నోని పేరు మీద బియ్యం ఇస్తరా?" అని తల్లి లేచిపోతుంది. అలివేలు నాకు ఫోన్ చేసి ఏడ్చేది. నాయిన ఆకలితో తిరుగుతున్నాడేమో, పేరు చెప్పేవాళ్లు లేకుండా పోయిందేమో అని ఆమె దిగులు. పోయినవాడో ఉన్నవాడో తేలకుండా ఇరవై ఏళ్లు గడిచాయి.

ఇక 2020 మే నెల సంగతి. లాక్‌డౌన్ రోజులు. మేనత్తకు బీపీ గోళీలు కల్వకుర్తిలో దొరకడం లేదని అలివేలు చెబితే, ప్రెస్ పాసు ఉంది కదా అని సోమవారం పొద్దున్నే మోటార్‌సైకిల్ మీద బయలుదేరి దేవరకొండ మీదుగా పోయాను. చేరేసరికి పది దాటింది. నాలుక పిడచకట్టుకుపోయింది.

గడప పక్కన, నీడలో, ఎప్పుడూ ఉండే కుండ ఉంది. మామ పని నుంచి వస్తూనే అక్కడ నిలబడి, చెంబుతో నీళ్లు ముంచి, నోరు పుక్కిలించి ఉమ్మి, తర్వాతే తాగేవాడు. ఇంట్లోకి నల్లా వచ్చినా, అలివేలు చిన్న ఫ్రిజ్ కొనిచ్చినా, ఆ కుండను మేనత్త రోజూ సాయంత్రం నింపేది. నేను చెంబు ముంచి గటగటా తాగాను.

ఉప్పు. కొద్దిగా కాదు, గొంతు పట్టుకునేంత ఉప్పు. సగం అప్పటికే మింగేశాను.

మేనత్త లోపలి నుంచి గబగబా వచ్చింది. నా మొహం చూసి నవ్వింది.

"జర ఆగరాదు అల్లుడా. ఉరికొచ్చి తాగవడితివి. అది మీ మామ ఎంగిలి."

అలివేలు తల పట్టుకుంది. "ఇంత పెద్ద పేపరోడివి బావా, తాగేముందు ఏం నీళ్లని అడుగవా?"

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అలవాటైన పనికి దిగాను. నల్లా తిప్పి రుచి చూశాను, మామూలుగా ఉంది. వంటింట్లో ఇంకో కుండ ఉంది, అదే బిందెతో, ముందు రోజు సాయంత్రమే నింపారు. తియ్యగా ఉంది. పక్కింట్లో అడిగి తాగాను, అదీ తియ్యగానే ఉంది. గడప దగ్గరి కుండ అడుగున చెయ్యి పెట్టి చూస్తానంటే మాత్రం మేనత్త ఒప్పుకోలేదు.

సీసాలో పోసుకుపోయి నల్లగొండలో పరీక్ష చేయిస్తానన్నాను. మా జిల్లాలో నీటిని పరీక్షించేవాళ్లకు కొదవ లేదు, ఫ్లోరైడ్ పుణ్యాన.

"ఎంగిలి నీళ్లు పరీక్షకు ఇస్తవా? సిగ్గు లేదా?" అంది. అంతే, సీసా నింపలేదు. కాబట్టి నా దగ్గర పరీక్ష కాగితం లేదు. ఉందని అబద్ధం చెప్పను.

నేను చాప మీద కూర్చున్నాక ఆమె నెమ్మదిగా చెప్పింది. ఎప్పుడో ఒకసారి కుండ అలా ఉప్పెక్కుతుంది. మామ వచ్చిపోయిన గుర్తు అది. ఆయన నోట్లో ఉప్పు నీళ్లు పోయాయి కదా, దాహమై ఇంటికి వస్తాడు, నోరు ఆ కుండలోనే కడుక్కుని పోతాడు.

"మొదటిపారి ఆయన పోయిన ఏడే అయింది. ఇంకా తుపాను సంగతి ఊళ్లకు రాలే. ఎవలో ఉప్పేసిండ్రనుకొని తిట్టుకుంట పారబోసిన అల్లుడా. దూపైతదని వచ్చినోడు తాగి ఇడిసిన నీళ్లు పారబోసిన. అప్పటి సంది ఒక్క బొట్టు పారబోయలే. నేనే తాగుత."

"బీపీ ఉన్నదానివి ఉప్పు నీళ్లు తాగుతవా?" అని కసిరాను.

"ఏం జేస్తరు, మొగుని ఎంగిలి తాగిందని దవాఖానల రాస్తరా?" అని మళ్లీ నవ్వింది.

ఆ మాట అంటూనే గూట్లోంచి మామ జర్దా డబ్బా తీసి, అందులో ఒక చింతగింజ వేసింది. డబ్బాలో గలగలమని చప్పుడైంది. నేను పట్టించుకోలేదు. గోళీలు ఇచ్చి, బువ్వ తిని, మధ్యాహ్నమే తిరిగి వచ్చేశాను. దారి పొడుగునా నేను వెతుక్కున్న కారణం ఒక్కటే. ముసల్ది తానే ఉప్పు వేసుకుని, వేసిన సంగతి మరిచిపోతోంది.

ఆ సాయంత్రం హైదరాబాద్ డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. బంగాళాఖాతంలో అంఫన్ తుపాను ఆ రోజే సూపర్ సైక్లోన్‌గా మారింది, తొంభై తొమ్మిది తర్వాత ఇంత బలమైనది ఇదే, డెస్క్‌లో మనుషులు తక్కువగా ఉన్నారు, బాక్స్ ఐటమ్ ఒకటి రాసివ్వమన్నారు. తొంభై తొమ్మిది నుంచి మన తీరం దాటిన తుపాన్లలో అతి తీవ్రమైనవి. కేంద్రంలో పీడనం ఎంత పడిపోతే అంత బలం, ఆ లెక్కన ఏరి, ఏళ్ల వారీగా.

కూర్చుని రాశాను. తొంభై తొమ్మిది ఒరిస్సా. పైలిన్. హుద్‌హుద్. ఫణి. అయిదోది, తీరానికి వస్తున్న అంఫన్ అని రాస్తుంటే ఆ చింతగింజల చప్పుడు గుర్తుకొచ్చింది. కుండ ఉప్పెక్కినప్పుడల్లా ఒక గింజ వేస్తోందేమో అనిపించింది.

పది రోజుల తర్వాత ఆ జాబితా జేబులో పెట్టుకుని మళ్లీ పోయాను. డబ్బా అడిగితే ఇచ్చింది. గింజలు ఏడు ఉన్నాయి. నా జాబితాలో అయిదు. నిజం చెప్పాలంటే మనసు కుదుటపడింది. లెక్క తప్పింది కదా అనుకున్నాను.

ఒక్కో గింజ ఎప్పటిదని అడిగాను. ఆమెకు తేదీలు తెలియవు, చదువు రాదు. పనులతో, పంటలతో చెప్పింది. నిరుటి ఎండాకాలం ఒకటి. తెలంగాణ వచ్చిన ఏడు దసరా అయినంక ఒకటి. దానికి ముందటేడు అదే రోజుల్లో ఇంకొకటి. ఆ మూడూ నా జాబితాలో ఉన్నాయి. మొన్నటిది, మొట్టమొదటిది సరే. మిగిలినవి రెండు.

"ఆ రెండు ఒక్క ఏటియే. పత్తి ఏరేటప్పుడు ఒకటి. మళ్ల ఎండకాలం, అలివేలు లగ్గం దగ్గర పడ్డప్పుడు ఒకటి" అంది.

అలివేలు పెళ్లి 2008 మే నెలలో. నల్లగొండకు వచ్చి ఆఫీసులో పాత ఫైళ్లు తిరగేశాను. 2007 నవంబరులో సిడర్ బంగ్లాదేశ్‌ను ముంచింది. ఆ తర్వాతి మే మొదట్లో నర్గీస్ బర్మాను ముంచింది. రెండూ మన తీరానికి రాలేదు కాబట్టి నేను జాబితాలో వేయలేదు. మా జిల్లా పేజీలో వాటి గురించి ఒక్క ముక్క లేదు. మెయిన్ పేపర్లో లోపలి పేజీల్లో ఉన్నాయి. చదువు రాని మనిషి, టీవీ లేని ఇల్లు. సముద్రంలో పుట్టిన తుపాను ఏ దేశం పోయిందో పేపర్‌కు లెక్క కానీ, ఆమె కుండకు లెక్క కాదు.

అన్నీ సరిపోయాయని అనను. తర్వాత రెండేళ్లకు బర్మాకే పోయిన గట్టి తుపాను ఒకటుంది, దానికి గింజ లేదు. మళ్లీ ఊరికి పోయినప్పుడు అడిగితే, "ఆ పొద్దు రాలే. రోజు వస్తడా, పనిమీద ఉంటడు" అంది. అరేబియా సముద్రంలో వచ్చిన వాటికీ గింజల్లేవు.

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"అల్లుడా, నేను పోయినంక ఈ కుండ నువ్వు నింపుతవా? అలివేలు నింపది. దానికి నాయిన పోయినోడే."

"నాకెందుకు అత్తా, నేను ఇవేవీ నమ్మను."

"నువ్వే గద చెప్పినవు, వస్తడని. వస్తుండు గద."

నింపుతానన్నాను. ఇది ధైర్యపు మాట కాకూడదని అనుకున్నాను.

2022 మొదట్లో, ఇంకా చలికాలంలోనే, మేనత్త పోయింది. నిద్రలోనే, బాధ పడకుండా. దినాలకు పోయి వస్తుంటే అలివేలు కుండను పాత చీరలో చుట్టి, జర్దా డబ్బాతో సహా కారులో పెట్టింది.

"అక్క ఏమంటదో చూస్కో బావా. ఫ్రిజ్ పక్కన కుండేంది, డబ్బల గింజలేంది అని నిన్ను బయట పండవెడ్తది" అంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఈసారి పెత్రమాసకు తల్లి పేరుతో పాటు తండ్రి పేరు కూడా కలిపేద్దామా అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ ఏడు పెత్రమాసకు తల్లి పేరు ఒక్కటే చెప్పి బియ్యం ఇచ్చిందట.

పానగల్ రోడ్డులో మా ఇంటి గడప పక్కన కుండ పెట్టాను. రోజూ సాయంత్రం నింపాను. నేను ఊళ్లో లేని రోజు నా భార్యే నింపేది.

2023 మే నెలలో మోకా తుపాను పుట్టింది. మళ్లీ బర్మా వైపే. బలం పెరుగుతోందని, బంగాళాఖాతంలో ఇటీవల ఇంత తీవ్రమైనవి అరుదని చెబుతున్నారు. శనివారం సాయంత్రం కుండను రెండుసార్లు కడిగి నింపాను. అలివేలుకు ఫోన్ చేస్తే, "నేను గూడ వస్త బావా" అని ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరింది. ఆమె వచ్చేదాకా కుండ మూత తీయలేదు.

ముగ్గురం నిలబడ్డాం. ఆమె చేతికే చెంబు ఇచ్చాను. ముంచింది, తాగింది. చెంబు నా చేతిలో పెట్టింది. నేను తాగాను. నా భార్య తాగింది.

నీళ్లు తియ్యగా ఉన్నాయి. చల్లగా, కొద్దిగా మట్టి వాసనతో, ఎప్పుడూ ఉన్నట్టే.

అలివేలు గడప మీద కూర్చుంది. "ఇంగ దూప లేదేమో బావా. అమ్మ నాయిన దగ్గరికే పోయింది గద, నీళ్లిచ్చెటందుకు" అంది.

ఆ ఏడు పెత్రమాసకు నేనూ వాళ్ల ఊరు పోయాను. ఇరవై నాలుగేళ్ల తర్వాత మొదటిసారి అలివేలు రెండు పేర్లు చెప్పింది. ఈదమ్మ, బాలయ్య.

ఉప్పెక్కిన రోజులకు నేను కారణాలు వెతికాను. మేనత్త చేతి ఉప్పు కావచ్చు, పాత కుండ గుణం కావచ్చు, ఏడు గింజలు కాకతాళీయం కావచ్చు. ఎవరైనా అలా అంటే వాదించను, నేనూ అలాగే అనుకున్నవాణ్ని. నేను కారణం చెప్పలేనిది ఆ ఆదివారం పొద్దుకే. మామూలు కుండలో మామూలు నీళ్లు తియ్యగా ఉంటే ఎందుకని ఎవరూ అడగరు. నేను మాత్రం ఇప్పటికీ అడుగుతున్నాను.

జవాబు దొరకలేదు. కుండ నింపడం ఆపలేదు.